పరీక్షకు పోయెటప్పుడు ఎదురెవరు

మా దిక్కు ఎవరన్న పని మీద ఇల్లు దాటేటప్పుడు ముందుగాల తలకాయ బయటపెట్టి వాడ అటు ఇటు చూస్తరు, ఎదురు ఎవరొస్తున్నరో అని. నిండు బిందెతోని ముత్తైదువ వస్తే పని అయినట్టే లెక్క. వట్టి బిందె కనవడితే మల్ల లోపలికొచ్చి, జరసేపు కూసోని, నీళ్లు తాగి బయలెల్లాలె. ఇగ మొగడు చనిపోయిన ఆడమనిషి ఎదురొచ్చిందా, ఆ పొద్దుకు ఆ పని ఆపుకునుడే మంచిదంటరు. మా ఎంకపల్లిల ఒక్కకాన్నే గాదు, మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాక ఏ ఊరికి పోయినా గిదే ముచ్చట. చుట్టూ ఫామ్‌హౌస్‌లు లేచినయి, గేట్లకు కెమెరాలు పెట్టిన్రు, గని కార్ల పోయెటోడు గూడ ఎదురు చూసుకొనే స్టార్ట్ చేస్తడు.

మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి, మా బాపు పోయినప్పటి నుంచి పొద్దుగాల వాడలకు రాదు. ఎవరన్న తయారై బయలెల్తున్న చప్పుడు వినవడితే చాలు, కొంగు తలమీదికి గుంజుకొని దొడ్డి దిక్కు పోతది. ఆమెను పొమ్మని ఎవ్వరు అనరు. అనాల్సిన అవసరం లేకుంట ఆమెనే పోతది. చిన్నప్పుడు నాకది పట్టలే. డిగ్రీకి వచ్చినంక కండ్లవడ్డది, కండ్లవడ్డప్పటి నుంచి ఒళ్లు మండేది. ఊరి మీద మండేది, అవ్వ మీద ఇంకా ఎక్కువ మండేది.

బాపు మా తోటల గులాబీలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు తీస్కపోయెటోడు, తెల్లారక ముందే, బండి మీద. ఒకనాడు బీజాపూర్ రోడ్డు మీద లారీ గుద్దింది. దవాఖానకు తీస్కపోయేలోపే పాణం పోయింది. తర్వాత పట్నంల యాక్సిడెంట్ కేసు నడిచింది. అవ్వ, నేను బస్సులు మారి మారి కోర్టుకు పోయేది, బయట కూసునేది. వకీలు సారు వచ్చి "వాయిదా పడ్డదమ్మ" అని చెప్పి పోయెటోడు. లోపల ఎవరేం మాట్లాడిన్రో మాకు తెల్వదు. ఆఖరు దినం గూడ అంతే. "అయిపోయింది, మన దిక్కే వచ్చింది, ఇంటికి పోండ్రి" అన్నడు. జడ్జి సారు ఏమన్నడు సార్ అని నేనడిగిన. "గవన్ని నీకెందుకు బిడ్డ" అని ఫోన్ ఎత్తుకున్నడు. మంచోడే, చెడ్డోడని అంటలే. గని ఆ మాటకు లేచిన కోపం బస్సు దిగి ఇంటికొచ్చినా దిగలే. నాకెందుకో చూపిస్త ఆగు అనుకున్న. డిగ్రీ అయిపోంగనే లా చదువుత అని అవ్వకు చెప్పిన.

"లా అంటే వకీలేనా? నల్ల కోటా?"

"ఔ."

"ఎండకాలం ఉడకపోస్తది గదానే" అన్నది. ఇంకేమనలే. మా అవ్వ ఒప్పుకునుడు అట్లనే ఉంటది.

మూడేండ్ల లా కోర్సుకు ముందుగాల ఎంట్రెన్స్ రాయాలె. ర్యాంకు వచ్చినంక కౌన్సెలింగ్‌ల మనకు కావాల్సిన కాలేజీలు వరుసగ పెట్టుకోవాలె, సీటు ఎక్కడ పడితే అక్కడ చేరాలె. కోచింగ్ కావాలంటే పట్నం పోవాలె. నేనేమో అప్పటికే మొయినాబాద్‌ల ఒక ప్రైవేటు బడిల టీచరుగ చేరిన. మూడో తరగతి పిల్లలకు ఎక్కాలు చెప్పి గొంతు పోగొట్టుకొని వచ్చినంక ఇగ కోచింగ్ ఏడికెంచి వస్తది? చేవెళ్లల ఒక పాత గైడు దొరికితే కొనుక్కున్న, మిగిలిందంత ఫోన్ల క్లాసులే. పొద్దుగాల తోటల పూలు తెంపుకుంట, ఫోను ఒక కొమ్మకు తలిగేసి, పెద్దగ పెట్టి వినేది. గులాబీ తోటల రాజ్యాంగం అన్నట్టు. ప్రాథమిక హక్కులు ఒక సాలు, ఆదేశిక సూత్రాలు ఇంకో సాలు. పక్క సాలుల అవ్వ వినుకుంట తెంపేది.

ఎంట్రెన్స్‌ల లా ప్రశ్నలు కొన్ని కథల లెక్క ఇస్తరు. ఒకనాడు నేను గైడుల ఉన్నది ఉన్నట్టు అవ్వకు చదివి వినిపిచ్చిన. ఒకడు కుక్క మీదికి రాయి ఇసిరిండు, కుక్క తప్పిచ్చుకున్నది, రాయి పోయి గోడవతల కూసున్న ముసలాయనకు తాకింది, తప్పు ఎవరిది? అవ్వ పువ్వు తెంపుడు ఆపింది. మస్తు ఆలోచన చేసింది.

"ఆ ముసలాయన పొద్దుగాల ఇంట్లకెంచి ఎల్లెటప్పుడు ఎదురెవరొచ్చిన్రు?" అన్నది.

"అవ్వా! ఏ, బీ, సీ, డీ అని నాలుగే ఉన్నయి. ఎదురు అండ్ల లేదు."

"మరి పెట్టాలె గదా. అది పెట్టకపోతే జవాబెట్ల దొరుకుతది?"

నాకు నవ్వాగక ముల్లు గుచ్చుకున్న. ఆమె మాత్రం నవ్వలే. ఆమె నిజంగనే అడిగింది.

మొదటేడు పరీక్ష సెంటర్ గండిపేట దిక్కు ఒక ఇంజనీరింగ్ కాలేజీల పడ్డది. ఊరి నుంచి ఆటోల పెద్ద రోడ్డుకు పోవాలె, అక్కడ చేవెళ్ల నుంచి వచ్చే బస్సు ఎక్కాలె, దిగి మల్ల ఆటో పట్టాలె. నిమిషం లేటైనా లోపలికి రానియ్యరని హాల్ టికెట్ మీదనే రాసున్నది. నేను ఆ మాటను పదిమందికి చెప్పిన. అవ్వకు చెప్పిన, పక్కింటి చిన్నమ్మకు గూడ చెప్పిన. ఈ చిన్నమ్మ మాకు చుట్టం గాదు, వరుస కలుపుకున్నం. చేతి నిండ గాజులు, మొఖం నిండ బొట్టు. నోరు పెద్దది గని మనసు ఇంకా పెద్దది. ఊర్ల ఎవరి పిల్లలు ఏ పనికి పోయినా ఎదురు వచ్చేటందుకు ఆమెనే పిలుస్తరు.

అవ్వ ముందునాడే పోయి ఆమెకు చెప్పొచ్చింది, నా బిడ్డ పరీక్షకు పోతున్నది, నువ్వే ఎదురు రావాలె అని. చిన్నమ్మకు ఇగ అది పెద్ద బాధ్యత అయి కూసున్నది. బడికి పోయే పిల్లలకు వచ్చినట్టు ఊకెనే వస్తదా? వకీలు అయ్యేటిదానికి రావాలె. తలస్నానం చేసింది, పసుపు రాసుకున్నది, పెట్టెలకెంచి పట్టుచీర తీసింది, కుచ్చిళ్లు కుదరలేదని ఇప్పి మల్ల కట్టింది. ఇవన్ని నాకు తర్వాత తెలిసినయి. అప్పుడు నేను చెప్పులేసుకొని గడప లోపల నిలవడ్డ. అవ్వ దొడ్లకెంచి "ఆగు బిడ్డ, వస్తున్నది, రవ్వంత ఆగు" అని ఒకటే మాట. వాడ చివర ఆటో హారన్ కొట్టి కొట్టి, వేరేటోళ్లను ఎక్కిచ్చుకొని పోయింది.

"ఇగ నేను పోత" అన్న.

"వద్దు బిడ్డ. నా మాటిను. ఇయ్యాల వట్టిగ పోకు."

ఆ గొంతుల ఏడుపున్నది. ఇంకేం చెయ్యాలె, ఆగిన. ఆఖరుకు చిన్నమ్మ వచ్చింది. పట్టుచీర, నెత్తి మీద నిండు బిందె, పెండ్లికి పోయినట్టున్నది. బిందె తొణకొద్దని ఒక్కొక్క అడుగు చూసుకుంట, మెల్లగ, మెల్లగ వచ్చింది. నేను లోపల పండ్లు కొరుక్కుంట నిలవడ్డ. ఆమె నన్ను చూసి నవ్వుకుంట "పో బిడ్డ, నీకు ఢోకా లేదు" అన్నది.

రెండో ఆటో దొరికేవరకు బస్సు పోయింది. తర్వాతి బస్సు ఎక్కిన, ఆడోళ్లకు పైసల్లేకుంట ఇచ్చే జీరో టికెట్ తీస్కున్న, మొయినాబాద్ దాటినంక రోడ్డు పని కాడ బస్సు ఆగింది. జేసీబీ ఒకటి అడ్డం తిరిగి దుమ్ము లేపుకుంట ఉన్నది, దానికేం తొందర లేదు. దిగి ఉరికిన, ఆటో పట్టుకున్న, కాలేజీ కాడ దిగేవరకు గేటు మూసిన్రు. చాన సేపు గాలే. జర ముందే మూసిన్రు. గేటవతల ఆఖరుకు పోయిన పిల్లలు ఇంకా మెట్లెక్కుతనే ఉన్నరు, నాకు కనవడుతనే ఉన్నది. సెక్యూరిటీ అన్నను బతిమాలిన. "నా చేతుల ఏం లేదు చెల్లె, తెరిస్తే నా నౌకరి పోతది" అన్నడు పాపం, నా దిక్కు చూడకుంట. నేను గేటు పట్టుకొని ఏడ్చిన. సిగ్గు గూడ అనిపియ్యలే.

ఇంటికి వచ్చేవరకు అవ్వ గడప కాడ కూసున్నది. నా మొఖం చూసింది, అర్థమైంది. నేను చెప్పకముందే ఆమె చెప్పింది.

"నేను చూసిన్నే. చిన్నమ్మ ఎట్లొస్తున్నదో చూద్దామని దొడ్డి గోడ మీదికెంచి తలకాయ లేపిన. నా మొఖం పడ్డది నీ మీద. గందుకే గిట్లయింది."

నాకు ఎక్కడ లేని కోపమొచ్చింది. "నన్ను ముంచింది నీ మొఖం గాదే, ఆమె పట్టుచీర!" అని అరిసిన. గోడవతల చిన్నమ్మకు వినవడే ఉంటది. ఆ తర్వాత చాన దినాలు నాకు కనవడకుంట తిరిగింది. ఆమెను గూడ ఏమంట? ఎంత ప్రేమతోని చేసిందో అంత లేటు చేసింది. ఆ పట్టుచీర మల్ల కట్టంగ నేను చూడలే.

ఏడాది పోయింది. మూడో తరగతి పిల్లలు నాలుగుకు పోయిన్రు, నేను మల్ల మూడో తరగతిలనే ఎక్కాలు చెప్పుకుంట ఉన్న. లా సీటు రాకపోతే బతుకు ఆగదు, అది నాకు తెలుసు. గని నాకు కావాలె. ఆ కోర్టు తలుపు లోపలికి పోయి నిలవడాలె, బయట కూసున్నోళ్లకు లోపలి ముచ్చట చెప్పాలె, అంతే నాకున్న పిచ్చి. అవ్వ మాత్రం ఆ ఏడాదంత నేను ఎటు బయలెల్లినా దొడ్లకు పోయేది. ఇంతకుముందు ఊరోళ్లకే దాగేది, ఇప్పుడు కన్నబిడ్డకు గూడ దాగుడు మొదలువెట్టింది. నేను బడికి పోయేటప్పుడు టిఫిన్ డబ్బ గడప మీద పెట్టి ఉండేది, మనిషి ఉండకపోయేది. ఎంత చెప్పినా వినలే. లాజిక్ చెప్పిన, తిట్టిన, అలిగిన. "నువ్వు జెప్పేదంత నిజమేనే. గని ఎందుకొచ్చిన లొల్లి" అనేది.

రెండోసారి పరీక్ష పొద్దున నేను లేచేవరకు ఇంట్ల అవ్వ లేదు. నీళ్లు కాగవెట్టింది, ఉప్మా చేసి మూతవెట్టింది, చీకట్లనే తోటకు పోయింది. నా మీద నీడ గూడ పడొద్దని. చిన్నమ్మ మాత్రం ఈసారి ఎవ్వరు పిలవకున్నా, పాత చీరలనే, బిందె పట్టుకొని నేను తలుపు తీసేవరకు వాడల నిలవడి ఉన్నది. ఎప్పటి నుంచి నిలవడ్డదో, చెయ్యి మార్చి చెయ్యి మార్చి మోస్తున్నది. నాకు నవ్వొచ్చింది, పాపమనిపిచ్చింది.

"మీ అవ్వ ఏదే?" అన్నది.

"తోటల దాక్కున్నది."

చిన్నమ్మ బిందె కింద పెట్టింది. "నాకు గూడ మంచిగ అనిపిస్తలేదు బిడ్డ, నేనొచ్చుడు, కన్నది దాగుడు" అన్నది మెల్లగ. "టైమున్నదా నీకు?"

టైమున్నది. ఈసారి నేను కోడి కూసినప్పటి నుంచే తయారున్న. పెద్ద రోడ్డుకు పోయే తొవ్వలనే మా తోట. ఆటోను తోట కాడ ఆపమన్న, దిగి లోపలికి పోయిన. అవ్వ నన్ను చూసి చెట్ల మధ్యల వంగి కూసున్నది. గులాబీ చెట్లు ఎంత ఎత్తుంటయి? వీపు కనవడుతనే ఉన్నది.

"లే అవ్వ. లేసి నాకెదురు రా."

"పిచ్చి లేసిందానే? పో, బస్సు పోతది."

"పోనీ. నువ్వు రాకుంటె నేను పోను. మల్లొచ్చేడు రాస్త. అప్పుడు గూడ నువ్వు రాకుంటె ఆ పైయేడు రాస్త. నీ ఇష్టం."

నేను నిజంగనే పోనట్టు గట్టు మీద కూసున్న. ఉత్తగ బెదిరిచ్చుడు గాదు, ఆ పొద్దు నాకు అంత మొండి ఎక్కింది. దాక్కున్న మనిషిని తోటల వదిలిపెట్టి పోయి, రాజ్యాంగంల సమానత్వం ఏ ఆర్టికల్ అంటే టిక్కు పెట్టి వచ్చుడు నాతోని కాదు. ఆటో అన్న హారన్ కొట్టిండు. అవ్వ లేచింది. సాలు చివరకు పోయింది, మల్లి నా దిక్కు నడిచింది. నడుస్తుంటే ఏదో తేడాగ ఉన్నది, ముల్లకు చీర చిక్కుతున్నది, కాలు తడబడుతున్నది. చూస్తే, కండ్లు మూసుకొని వస్తున్నది.

"కండ్లు తెరువవ్వ."

"వద్దే."

"తెరువు."

తెరిచింది. నన్ను సూటిగ చూసింది. నేను ఆమె పక్కకెంచి దాటి పోయి ఆటో ఎక్కిన. ఎనకకు తిరిగి చూడొద్దంటరు, నేను చూసిన, ఆమె ఇంకా అట్లనే నిలవడ్డది.

బస్సుల కూసున్నంక గని నాకు తెల్వలే నేనేం చేసిననో. అరే, ఇప్పుడు నాకు ర్యాంకు రాకపోతే? సీటు రాకపోతే? అవ్వకు ఇగ సాక్ష్యం దొరికినట్టే గదా. మొదటేడు గోడ మీదికెంచి జర చూసినందుకే ఏడాది దాగింది. ఇప్పుడు నిండుగ ఎదురొచ్చింది, నేనే గుంజుకొచ్చి నిలవెట్టిన. ఈ పరీక్ష పోయిందంటే ఆమె మొఖం మీద శాశ్వతంగ ముద్ర పడ్డట్టే. నా సీటు ఒక్కటే గాదు, అవ్వ మొఖం గూడ పందెం పెట్టి వచ్చిన. కోపంల తెల్వలే.

గేటు తెరవకముందే చేరిన. కంప్యూటర్ ముంగట కూసుంటే మొదటి ప్రశ్న కండ్లకు కనవడుతున్నది, తలకెక్కుతలేదు. నీళ్లు తాగిన. ఒక్కొక్కటి పట్టుకున్న. లా ప్రశ్నలు నాకు ఎప్పుడు ఇష్టమే, అవి ఉరికినయి. కరెంట్ అఫైర్స్ చంపింది. ఏ దేశంల ఏ సమావేశం జరిగిందో మూడో తరగతి టీచర్‌కు ఏం ఎరుక? బయటికొచ్చినంక పక్కకున్న పిల్లలు జవాబులు చెప్పుకుంటుంటే చెవులు మూసుకొని బస్టాపుకు పోయిన.

ర్యాంకు వచ్చింది. గొప్పది గాదు, పాడైంది గూడ గాదు. అవ్వకు "పాసైన" అని చెప్పిన. "సీటొచ్చినట్టేనా?" అన్నది. ఇంకా లేదు, కౌన్సెలింగ్ ఉన్నది అన్న. "గట్లయితే సీటొచ్చినంక చెప్పు" అని పోయింది. ఆమె గూడ నా లెక్కనే గుండె పట్టుకొని కూసున్నది, బయటికి అంటలేదంతే.

కాలేజీలు పెట్టుకునుడు కాడ నేనొక తెలివితక్కువ పని చేసిన. మా తొవ్వోళ్లకు లోకమంటే ఒకటే రోడ్డు. చేవెళ్ల, మొయినాబాద్, అజీజ్‌నగర్, లంగర్‌హౌజ్, మెహదీపట్నం. దవాఖానైనా, బట్టలైనా, బంగారమైనా ఆ బస్సు ఆగే కాన్నే. నేను గూడ కాలేజీలను ఆ బస్సు స్టాపుల వరుసలనే పెట్టిన. ముందు దగ్గరిది, తర్వాత జర దూరంది, మెహదీపట్నం కాడ ఆపేసిన. అవ్వ ఎనక నిలవడి చూస్తుంటే చిన్నమ్మ పక్కకు కూసోని "ఔ, గది మంచిది, బస్సు దిగితే గేటే" అని ప్రతిదానికి తల ఊపింది. మెహదీపట్నం అవతల గూడ కాలేజీలుంటయని, అక్కడికి గూడ మనుషులు పోతరని మా ముగ్గురిల ఒక్కరికి తట్టలే. ఉన్నవే కొన్ని, అండ్ల నా ర్యాంకుకు ఒక్కటి అందలే. మొదటి విడతల సీటు రాలే.

ఆ ముచ్చట చెప్పినప్పుడు అవ్వ మొఖం ఇప్పటికీ నా కండ్లల్ల ఉన్నది. ఏడ్వలే, తిట్టలే. "ఔనా" అన్నది. తెల్లారి నేను బడికి బయలెల్లుతుంటే టిఫిన్ డబ్బ గడప మీద ఉన్నది. మనిషి లేదు. నేను దొడ్లకు పోయిన. నన్ను చూసి గోడ దిక్కు మొఖం తిప్పుకున్నది. ఇది కాలేజీలు తక్కువ పెట్టినందుకు అయిందవ్వ, నీ వల్ల గాదు, నా తప్పు, రెండో విడత ఉన్నది అని పిల్లలకు చెప్పినట్టు చెప్పిన. "సరే బిడ్డ" అన్నది గోడ దిక్కు చూసుకుంటనే. నాకు అక్కన్నే కూలవడి ఏడ్వాలనిపిచ్చింది. బస్సు టైమైతున్నది, పోయిన.

రెండో విడతల ఇగ నేను ఏ కాలేజీని వదల్లే. బడిల సీనియర్ మేడమ్‌ను పక్కకు కూసోపెట్టుకొని, పట్నం అటు దిక్కు, ఇటు దిక్కు, పేరు వినని కాడ గూడ, ఉన్నవన్ని పెట్టిన. నేను పెట్టుకుంట పోతుంటే ఆమె "ఇంత దూరం రోజు ఎట్ల పోతవే?" అన్నది. ఎట్లనో పోత మేడమ్, ఫికర్ చెయ్యకు అన్న. దూరం గురించి ఆలోచన చేసే తీరుల లేను అప్పుడు.

ఆ ఆదివారం ఇద్దరం తోటల ఉన్నం. కొమ్మకు తలిగేసిన ఫోను మోగింది. చూసిన. మల్ల చూసిన. సీటు వచ్చింది. పట్నం అవతలి కొస, పోనీకే మూడు బస్సులు మారాలె. అయితేంది! "అవ్వా" అని అరిసిన అరుపుకు పక్క తోటోళ్లు గూడ లేచి చూసిన్రు. అవ్వ ఒడి నిండ పూలతోని ఉరికొచ్చింది.

"వచ్చిందానే?"

"వచ్చింది."

"నిజంగనేనా? మల్ల జూడు."

ఫోను ఆమె చేతుల పెట్టిన. ఆమెకు చదువ రాదు, అక్షరాల మీద వేలు పెట్టింది, అది ఎటో పోయింది. "అయ్యో, పోయిందే!" అని భయపడ్డది. పోలేదవ్వ, ఏడికి పోదు అన్న. నవ్వుతదనుకున్న. గట్టు మీద కూలవడ్డట్టు కూసున్నది. ఒడిల పూలు జారుతున్నా చూసుకుంటలేదు.

"అయితే నేనెదురొచ్చినా పని అయితదా?"

"అయింది గదనే."

"నా మొఖం చెడ్డది గాదా?"

నా దగ్గర జవాబు ఉన్నది. మొఖానికి, సీటుకు సంబంధం లేదని, కాలేజీలు తక్కువ పెడితే రాలే, ఎక్కువ పెడితే వచ్చిందని, ఏడాది నుంచి అదే కొట్లాట కొట్లాడుతున్న. ఆమె నా దిక్కు చూస్తున్నది. ఆ మాటలు రాలే నాకు. "చెడ్డది గాదవ్వ. మంచి మొఖమే" అన్న.

ఆమె కొంగుతోని మూతి తుడుసుకున్నది. రోడ్డు దిక్కు చూసుకుంట చెప్పింది.

"మీ బాపుకు ఆ పొద్దు నేనే ఎదురొచ్చిన. పూల గంపలు బండికి కట్టుకొని ఎల్తున్నడు. నేను బోరింగు కాడికెంచి నీళ్లు తెస్తున్న. నిండు బిందెనే. అప్పుడు నాకు బొట్టున్నది, గాజులున్నయి. నన్ను జూసి, మంచి ఎదురొచ్చినవే అని నవ్విండు. నవ్వుకుంట పోయిండు."

ఇన్నేండ్లు ఊరి మాటకు భయపడి దాగుతున్నదనుకున్న. గందుకు గాదు ఆమె దాగింది. ముత్తైదువగ, నిండు బిందెతోని వచ్చి గూడ మొగన్ని మింగిన అనుకొని దాగింది. ఎవ్వరికి చెప్పకుంట, ఒక్కతే మోసుకున్నది.

పక్కకు కూసోని ఆమె చెయ్యి పట్టుకున్న. "నీ వల్ల గాదవ్వ. లారీ రాంగ్ సైడు వచ్చింది. తప్పు లారీ డ్రైవర్‌దేనని జడ్జి సారు తీర్పుల రాసిండు. పరిహారం పైసలకని తర్వాత తెచ్చిన తీర్పు కాపీల నేను చదివిన."

"జడ్జి అన్నడా? గట్లనే అన్నడా?"

"గట్లనే అన్నడు. ఆ డ్రైవర్ చూసుకోకుంట నడిపినందుకే పాణం పోయిందని. ఇంకెవ్వరి తప్పు లేదని." ఆమెకు తెలిసే ఉంటదనుకున్న ఇన్నొద్దులు.

అవ్వ ఒడిల మిగిలిన పూలు గట్టు మీద పెట్టింది.

"కోర్టు చుట్టూ అన్నేండ్లు తిరిగినం గదానే" అన్నది. "గా మాట నాకెవ్వరు జెప్పలే."